మా అబ్బాయి పిచింగ్ కోచ్ అవుతానంటున్నాడు

ప్రశ్న: మాది తెనాలి. 1998లో డాలస్ వచ్చి స్థిరపడ్డాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు 22 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి బేస్‌బాల్ తప్ప మరో ధ్యాస లేదు. కళాశాల క్రీడల మూడు స్థాయిల్లో (డివిజన్ 1 పైది) చివరిదైన డివిజన్ 3లో ఉన్న ఒక చిన్న కళాశాల జట్టుకు పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, ఆడాడు. రెండో సంవత్సరంలో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. కోలుకుని మళ్ళీ ఆడాడు గానీ మునుపటి వేగం రాలేదు. ఈ మే నెలలో స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పూర్తయింది. ఒక బీమా సంస్థ డేటా అనలిస్టు ఉద్యోగం ఇస్తామంది. అదే వారంలో ఒక డివిజన్ 2 విశ్వవిద్యాలయం గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా చేరి పిచింగ్ కోచ్‌కు సహాయకుడిగా ఉండమని అడిగింది. మాస్టర్స్ ఫీజు ఉండదట, నెలకు వెయ్యి డాలర్ల లోపు స్టైపెండ్ ఇస్తారట. వాడు రెండోదే కావాలంటున్నాడు. ఇది అసలు వృత్తేనా? పెద్ద ఆటగాడు కానివాణ్ణి కోచ్‌గా ఎవరు పెట్టుకుంటారు? ఖర్చులకు మేము అప్పు చేసి ఇవ్వాలా? తెనాలిలో ఉన్న మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా మనవడి ఉద్యోగం సంగతి అడుగుతున్నారు, ఆయనకు ఏమని చెప్పాలి? నాకూ నా భార్యకూ నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో, క్రీడా విభాగపు లెక్కల కార్యాలయంలో 14 ఏళ్ళు పనిచేశాను. కోచ్‌ల ఒప్పందాలు, ప్రయాణ ఖర్చులు, వేసవి శిబిరాల రసీదులు అన్నీ నా బల్ల మీదుగానే వెళ్ళేవి కాబట్టి ఈ వృత్తిలోని వెలుగునూ చీకటినీ కొంత దగ్గరగా చూశానని చెప్పుకోగలను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఇది నిజమైన వృత్తే. మీ అబ్బాయిని వెళ్ళనివ్వండి. అయితే వెళ్ళే ముందు అతను మీకు కాదు, తనకు తానే జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. దాని దగ్గరికి వచ్చే ముందు పని ఎలాంటిదో చెప్పాలి.

మన వాళ్ళకు సులువుగా అర్థం కావాలంటే పిచింగ్ కోచ్ అంటే క్రికెట్‌లో బౌలింగ్ కోచ్ లాంటివాడు. అయితే ఇద్దరి బాధ్యతల్లో పెద్ద తేడా ఉంది. క్రికెట్ బౌలర్ చేతిని దాదాపు నిటారుగా తిప్పాలి, మోచేయి 15 డిగ్రీలకు మించి విచ్చుకుంటే నిబంధనలు ఒప్పుకోవు. అందువల్ల ఫాస్ట్ బౌలర్ శరీరంలో మొదట దెబ్బతినేది తరచుగా నడుము. బేస్‌బాల్ పిచర్ మోచేతిని వంచి, కొరడా ఝళిపించినట్టు విసురుతాడు. 60 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉన్న గమ్యానికి గంటకు 90 మైళ్ళకు పైగా వేగంతో బంతి చేరాలంటే ఆ భారంలో చాలా భాగం మోచేతి లోపలి వైపున ఎముకలను కలిపి ఉంచే ఒక చిన్న లిగమెంట్ మీద పడుతుంది. మీ అబ్బాయికి ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు, సొంత చేతి మీద మచ్చగా ఉన్న విషయం.

మరో తేడా కూడా ఉంది. కళాశాల బేస్‌బాల్‌లో చాలా జట్లకు ప్రతి బంతి ఏ రకంగా, ఎటు వైపు వేయాలో నిర్ణయించేది మైదానంలోని ఆటగాళ్ళు కాదు, డగౌట్‌లో, అంటే మైదానం పక్కన జట్టు కూర్చునే చోట, ఉన్న పిచింగ్ కోచ్. మొన్నమొన్నటి దాకా మూడంకెల సంఖ్యను వేళ్ళతో చూపిస్తే క్యాచర్, అంటే బంతి అందుకునేవాడు, తన మణికట్టుకు కట్టుకున్న కార్డులో వెతికి అర్థం చేసుకునేవాడు. ఇప్పుడు చాలా చోట్ల ఆ సంఖ్య మణికట్టు మీది చిన్న తెర మీదే కనిపిస్తుంది. ఆటకు నూట యాభై బంతుల దాకా పడతాయనుకుంటే, అన్ని నిర్ణయాలకూ బాధ్యత ఆ ఒక్కడిది. ఇంతటి అధికారం బౌలింగ్ కోచ్‌కు ఎక్కడా ఉండదు.

నేను కళ్ళారా చూసినది ఒకటి చెబుతాను. ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం ప్రయాణ ఖర్చుల కాగితం మీద సంతకం కోసం బుల్‌పెన్‌కు, అంటే పిచర్లు సాధన చేసే చోటికి, వెళ్ళాను. బంతులు పోసుకునే ప్లాస్టిక్ బకెట్‌ను బోర్లించి దాని మీద కూర్చున్నాడు కోచ్. పక్కన ట్రైపాడ్ మీద కెమెరా, గడ్డిలో బంతి కదలికను కొలిచే రాప్సోడో పరికరం, ఒళ్ళో ట్యాబ్. 19 ఏళ్ళ కుర్రాడు బంతులు వేస్తున్నాడు. తెర మీద వేగం, బంతి తిరిగిన చుట్ల లెక్క ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉన్నాయి. పదిహేడో బంతి తరువాత కోచ్ లేచి, చెయ్యి చాచి బంతి తీసేసుకున్నాడు. ఎందుకని ఆ కుర్రాడు అడిగితే, "గత నాలుగు బంతులుగా నీ ముంజేతిని ప్యాంటుకు రుద్దుకుంటున్నావు, నీకు తెలుసా?" అన్నాడు. ఆ పిల్లవాడికి తెలియదు. యంత్రానికీ తెలియలేదు. అక్కడి నుంచి అతన్ని నేరుగా గాయాలు చూసే ట్రైనర్ గదికి పంపించి, ఆ తరువాత నా కాగితం మీద సంతకం పెట్టాడు. పిచింగ్ కోచ్ పని గురించి ఎవరు అడిగినా నాకు ముందు గుర్తుకొచ్చేది ఆ ముంజేయే.

ఇక మైదానం బయటి పని. డివిజన్ 1 సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలై, 56 ఆటల తరువాత మే చివరిలో 64 జట్ల టోర్నమెంటుగా మారి, జూన్‌లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో ముగుస్తుంది. కాలేజ్ వరల్డ్ సిరీస్ అని పిలిచే ఆ చివరి అంచె ఆ నగరంలో 1950 నుంచి జరుగుతోంది. డివిజన్ 2, డివిజన్ 3 క్యాలెండర్లు కొంచెం పొట్టివే అయినా ఒరవడి అదే. సీజన్ ముగిసిందంటే సెలవు వచ్చిందని కాదు. వేసవి అంతా హైస్కూలు పిల్లల ఆటలు చూస్తూ, ఏ ఊళ్ళో ఏ పిచర్ ఉన్నాడో వెతుకుతూ, పార్కింగ్ స్థలాల్లో నిలబడి తల్లిదండ్రులతో మాట్లాడుతూ గడిచిపోతుంది. ఒక కళాశాల నుంచి మరో కళాశాలకు ఆటగాళ్ళు మారడం ఇప్పుడు తేలికైంది కాబట్టి, మూడేళ్ళు తీర్చిదిద్దిన పిచర్ నాలుగో ఏడు పెద్ద జట్టుకు వెళ్ళిపోవచ్చు. ముఖ్యంగా డివిజన్ 2 కోచ్‌లకు ఈ బాధ తరచుగా తగులుతుంది. మీ అబ్బాయి దీనికి మనసు సిద్ధం చేసుకోవాలి.

పెద్ద ఆటగాడు కానివాణ్ణి ఎవరు పెట్టుకుంటారని మీరు అడిగారు. దీని గురించి మీరు నిశ్చింతగా ఉండవచ్చు. వెస్ జాన్సన్ అనే కోచ్ వృత్తి బేస్‌బాల్ ఆడినవాడు కాదు. అర్కన్సా రాష్ట్రంలో హైస్కూలు జట్లకు శిక్షణ ఇస్తూ మొదలుపెట్టాడు. ఆ తరువాత మీ ఊళ్ళోనే ఉన్న డాలస్ బాప్టిస్ట్ విశ్వవిద్యాలయంలో, మిసిసిపీ స్టేట్‌లో, అర్కన్సా విశ్వవిద్యాలయంలో పిచింగ్ కోచ్‌గా పనిచేశాడు. 2018 చివరిలో అమెరికా అగ్రశ్రేణి వృత్తి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లోని మిన్నెసోటా ట్విన్స్ జట్టు అతన్ని కళాశాల నుంచి నేరుగా పిచింగ్ కోచ్‌గా తీసుకుంది. అంతకన్నా ఆశ్చర్యం ఏమిటంటే, 2022లో సీజన్ మధ్యలోనే ఆ ఉద్యోగం వదిలి లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి, అంటే మళ్ళీ కళాశాలకే వచ్చాడు. మరుసటి ఏడాది అతని చేతి కింద పాల్ స్కీన్స్ అనే పిచర్ 209 మందిని స్ట్రైకౌట్ చేశాడు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను అవుట్ చేయడం), జట్టు ఒమాహాలో గెలిచింది, మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్ళను వంతుల వారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2023లో, స్కీన్స్‌ను మొట్టమొదటి ఆటగాడిగా పిట్స్‌బర్గ్ ఎంచుకుంది. జాన్సన్ జార్జియా విశ్వవిద్యాలయానికి హెడ్ కోచ్‌గా వెళ్ళాడు. మేజర్ లీగ్ నుంచి కళాశాలకు తిరిగి వచ్చాడంటే, కళాశాల కోచ్ పని చివరి మజిలీకి ముందు వచ్చే మెట్టు మాత్రమే కాదని, అదే ఒక గమ్యం కూడా కాగలదని అర్థం.

వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో సుమారు పదేళ్ళు పిచింగ్ కోచ్‌గా ఉన్న డెరెక్ జాన్సన్ కథ కూడా చూడండి. 2007 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికైన డేవిడ్ ప్రైస్ అతని దగ్గర నేర్చుకున్నవాడే. తరువాత అతను మేజర్ లీగ్‌లో మిల్వాకీ జట్టుకు, అక్కడి నుంచి సిన్సినాటి జట్టుకు పిచింగ్ కోచ్‌గా వెళ్ళాడు. మిషిగన్ విశ్వవిద్యాలయం 2019లో ఒమాహా ఫైనల్ దాకా వెళ్ళినప్పుడు పిచింగ్ కోచ్‌గా ఉన్న క్రిస్ ఫెటర్‌ను మరుసటి ఏడాది చివరిలో మేజర్ లీగ్ జట్టు డెట్రాయిట్ టైగర్స్ తీసుకుంది. వీళ్ళెవరూ పేరుమోసిన ఆటగాళ్ళు కారు. చెయ్యి ఎలా కదులుతుందో గమనించగలగడం, దానిని అంకెల్లో చదవగలగడం, ఆ చదివిన దానిని 19 ఏళ్ళ పిల్లవాడికి ఒక్క వాక్యంలో చెప్పగలగడం వారిని అంత దూరం తీసుకెళ్ళాయి. బంతి ప్రతి కదలికనూ ట్రాక్‌మ్యాన్ రాడార్ కొలుస్తున్న ఈ రోజుల్లో మీ అబ్బాయి స్టాటిస్టిక్స్ చదువు వృథా కాదు, మంచి పెట్టుబడి. అయితే అంకెలు చదవగలిగేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు, ఆ మూడో గుణం ఉన్నవారు తక్కువ.

ఇంతవరకు వెలుగు చెప్పాను. డివిజన్ 1లోనే సుమారు 300 జట్లు ఉన్నాయి, ఒక్కో జట్టుకు ఒక పిచింగ్ కోచ్ ఉంటాడు. పైకి పెద్ద సంఖ్యలాగే కనిపిస్తుంది గానీ, మంచి జీతం ఇచ్చేవి అందులో కొన్ని పెద్ద కాన్ఫరెన్సుల (విశ్వవిద్యాలయాల కూటముల) జట్లే. 2023 జూలై దాకా డివిజన్ 1 జట్లలో వాలంటీర్ కోచ్ అనే ఒక స్థానం ఉండేది. మిగతా వారితో సమానంగా పొద్దున్నుంచి రాత్రి దాకా పనిచేసేవారు, కానీ నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయం వారికి జీతం ఇవ్వకూడదు. వేసవి శిబిరాల్లో, విడిగా చెప్పుకునే పాఠాల్లో వచ్చిన డబ్బుతో బతికేవారు. ఆ శిబిరాల చెక్కులు రాసినదాన్ని నేనే కాబట్టి, ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, చెక్కు ఎప్పుడు వస్తుందని నా గుమ్మంలో నిలబడి అడిగిన తీరు ఇప్పటికీ మరచిపోలేదు. ఆ వాలంటీర్ పద్ధతిని తీసేసి, ఆ స్థానానికి కూడా జీతం ఇవ్వవచ్చని నిబంధన మార్చారు. వాలంటీర్ కోచ్‌లు దీని మీద కోర్టుకు కూడా వెళ్ళారు. మార్పు మంచిదే, అయినా చిన్న విశ్వవిద్యాలయాల్లో సహాయ కోచ్‌ల జీతాలు బడి పంతులు జీతం కన్నా తక్కువగా ఉన్న చోట్లు ఇంకా ఉన్నాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల జీతాలు చాలా రాష్ట్రాల్లో బహిరంగ సమాచారమే. మీరూ మీ అబ్బాయీ కలిసి కూర్చుని, అతను వెళ్ళదలచిన రాష్ట్రంలోని నాలుగైదు విశ్వవిద్యాలయాల లెక్కలు చూడండి. నేను అంకె చెప్పడం కన్నా మీరు స్వయంగా చూడడం మేలు.

జీతం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది అస్థిరత. సహాయ కోచ్ భవిష్యత్తు హెడ్ కోచ్ భవిష్యత్తుతో ముడిపడి ఉంటుంది. నేను పనిచేసిన చోట ఒక మే నెలలో హెడ్ కోచ్‌ను తొలగించారు. పిచింగ్ కోచ్ ఆ ఏడు తన పని బాగానే చేశాడు, అతని పిచర్లలో ఇద్దరు డ్రాఫ్ట్ అయ్యారు కూడా. అయినా కొత్త హెడ్ కోచ్ తన మనుషులను తెచ్చుకున్నాడు. ఇల్లు కొని ఎనిమిది నెలలు కూడా కాలేదు. అతని భార్య బడిలో పిల్లల బదిలీ పత్రం కోసం తిరుగుతుంటే, అతను మా కార్యాలయంలో కూర్చుని బీమా కాగితాలు నింపాడు. ఎవరి మీదా కోపం చూపలేదు, ఈ వృత్తిలో ఇది మామూలే అన్నాడు. మామూలే అనడమే నాకు బాధ కలిగించింది. లూసియానా స్టేట్‌కు 2025లో కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిచిన సీజన్‌లో పిచింగ్ కోచ్‌గా ఉన్న నేట్ యెస్కీ అంతకుముందు ఒరెగన్ స్టేట్, అరిజోనా, టెక్సస్ ఏ అండ్ ఎం జట్లలో పనిచేశాడు. పైకి ఎదిగినవారికి కూడా సామాను సర్దుకోవడం తప్పలేదు. రేపు మీ కోడలయ్యే అమ్మాయికి ఈ మాట పెళ్ళికి ముందే తెలియాలి.

ఇప్పుడు నేను మొదట చెప్పిన ప్రశ్న. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే వైద్యుడు టామీ జాన్ అనే పిచర్ మోచేతిలో తెగిన లిగమెంట్ స్థానంలో అతని శరీరం నుంచే తీసిన స్నాయువును అమర్చాడు. టామీ జాన్ 1976లో తిరిగి వచ్చి చాలా ఏళ్ళు ఆడాడు. ఈనాడు ఆ శస్త్రచికిత్స ఆయన పేరుతోనే, కళాశాల పిల్లలకు, హైస్కూలు పిల్లలకు కూడా జరుగుతోంది. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. ఇక 2009 మే 30న జరిగిన ఒక ఆట ఉంది. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌లో ముగియవలసింది, టెక్సస్, బోస్టన్ కాలేజ్ జట్ల మధ్య 25 ఇన్నింగ్స్ దాకా సాగిన ఆ టోర్నమెంట్ ఆటలో ఆస్టిన్ వుడ్ అనే పిచర్ మధ్యలో దిగి 13 ఇన్నింగ్స్ వేశాడు, ఒక్కడే 169 బంతులు. టెక్సస్ గెలిచింది. ఆ రోజు చూసినవారిలో కొందరు వీరత్వమని చప్పట్లు కొట్టారు, కొందరు ఆ చెయ్యి ఏమవుతుందని భయపడ్డారు. నేను రెండో పక్షం. అది ఒకరి తప్పని వేలు చూపించడం నా ఉద్దేశం కాదు. అలాంటి రాత్రి డగౌట్‌లో, ఆటగాడు తాను వేస్తానంటున్నప్పుడు, హెడ్ కోచ్ ఉండనీ అంటున్నప్పుడు, ఓడిపోతే ఉద్యోగం పోవచ్చని తెలిసినప్పుడు, చాలు అని చెప్పవలసిన మనిషి పిచింగ్ కోచ్. అతనికి జీతం వచ్చేది గెలుపుల వల్ల, కానీ అతను జవాబు చెప్పవలసినది మోచేతులకు. ఈ రెండూ ఎదురెదురుగా నిలబడే రోజు ప్రతి కోచ్‌కూ వస్తుంది, చిన్న స్థాయిలో అయితే మరీ ముందుగా వస్తుంది, ఎందుకంటే అక్కడ పిచర్లు తక్కువ.

కాబట్టి మీ అబ్బాయిని ఈ వృత్తి అంటే ఇష్టమా అని అడగకండి, ఇష్టమేనని మీకు తెలుసు. తన మోచేతికి దెబ్బ తగలడానికి ముందు వారాల్లో ఏం జరిగిందో అడగండి. నొప్పి ఉందని ఎవరికైనా చెప్పాడా, చెబితే ఎవరు విన్నారు, చెప్పకపోతే ఎందుకు దాచాడు? అతను ఆ కథ ఎలా చెబుతాడో ఓపికగా వినండి. తనను ఆపవలసినవాడు ఆపలేదని గాని, తానే దాచిపెట్టానని గాని చెప్పి, అదే పరిస్థితిలో మరో పిల్లవాడు తన ముందు నిలబడితే ఏం చేస్తాడో కొంత ఆలోచించి ఉన్నాడని మీకు అనిపిస్తే, అతను ఈ పనికి తగినవాడు. కేవలం ఆటకు దూరం కాలేక వెళుతున్నాడని అనిపిస్తే, బీమా సంస్థలో చేరి వారాంతాల్లో హైస్కూలు పిల్లలకు నేర్పుతూ ఒక ఏడాది చూడడం మంచిది. అదీ మంచి జీవితమే.

వెళ్ళే పక్షంలో కొన్ని విషయాలు కాగితం మీద తేల్చుకోవాలి. ఫీజు మినహాయింపు పూర్తిగానా, కొంతేనా, వేసవి తరగతులకు కూడా వర్తిస్తుందా అన్నది మొదటిది. రెండో ఏడాది కొనసాగింపు ఎవరి చేతిలో ఉంది, హెడ్ కోచ్ ఒప్పందం ఇంకా ఎన్నేళ్ళు మిగిలి ఉంది అన్నది రెండోది. హెడ్ కోచ్ ఏడాదిలో మారే సూచన ఉంటే పెద్ద పేరున్న విశ్వవిద్యాలయమైనా వద్దనే చెబుతాను. మాస్టర్స్ ఏ విషయంలో చేస్తాడో కూడా ముఖ్యం. సులువుగా ఉంటుందని ఏదో ఒక కోర్సు తీసుకోవడం కన్నా శరీర కదలికల శాస్త్రమో, స్టాటిస్టిక్సో తీసుకుంటే కోచింగ్ వదిలినా చేతిలో పని ఉంటుంది. ఆరోగ్య బీమా గురించి భయం వద్దు, చట్టం ప్రకారం 26 ఏళ్ళు నిండే దాకా అతను మీ పాలసీలో ఉండవచ్చు. వేసవిలో ఇంట్లో కూర్చోకుండా మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ లీగ్ లాంటి వేసవి లీగుల్లో, అవి కుదరకపోతే ఇంకా చిన్న వాటిలో, ఏదో ఒక పని చూసుకోవాలి. ప్రతి జనవరిలో అమెరికన్ బేస్‌బాల్ కోచెస్ అసోసియేషన్ సదస్సు జరుగుతుంది. అక్కడి ప్రసంగాల కన్నా వరండాల్లో జరిగే పరిచయాలే ఎక్కువ ఉద్యోగాలు ఇప్పిస్తాయి. ఆ ప్రయాణ ఖర్చు మీరు పెట్టండి.

అప్పు మాత్రం చేయకండి. ఫీజు లేని మాస్టర్స్‌కు స్టైపెండ్ చాలని నెలల్లో అద్దెకు మీరు కొంత సాయం చేయడం వేరు, ఇంటి మీద రుణం తీయడం వేరు. మూడేళ్ళు గడువు పెట్టుకోండి, మాస్టర్స్ రెండేళ్ళు, ఆ పైన ఒక ఏడాది. ఆ మూడో ఏడాది చివరికి జీతం, బీమా ఉన్న పూర్తికాలపు పని దొరకకపోతే అతను దారి మార్చుకోవాలని ఇప్పుడే, మనసులు ప్రశాంతంగా ఉన్నప్పుడే, అనుకోండి. 25 ఏళ్ళ వయసులో స్టాటిస్టిక్స్ డిగ్రీ, మాస్టర్స్ ఉన్నవాడికి డేటా అనలిస్టు ఉద్యోగం మళ్ళీ దొరుకుతుంది. బీమా సంస్థకు మర్యాదగా ఉత్తరం రాసి కాదనమనండి, మౌనంగా ఊరుకోవద్దని చెప్పండి.

మీ నాన్నగారి సంగతి. ఆయనకు చుట్టూ తిప్పి చెప్పవద్దు. తెనాలిలో క్రికెట్ తెలియని ఇల్లు ఉండదు. మీ మనవడు ఒక విశ్వవిద్యాలయంలో పై చదువు చదువుతూ అక్కడి జట్టుకు బౌలింగ్ కోచ్ లాంటి పనిలో సహాయకుడిగా చేరాడు, జీతం ఇప్పటికి తక్కువ అని చెప్పండి. ఇంకా అడిగితే ఫోన్ మీ అబ్బాయికే ఇవ్వండి. చేతికి శస్త్రచికిత్స అయినప్పుడు తాతగారికి ఆ విషయం చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. చెప్పకపోయి ఉంటే, మనవడి నోటి నుంచే ఆ కథ కూడా వినిపించండి. ఈ పని ఎందుకు కావాలంటున్నాడో ఆయనకు దానివల్లే ఎక్కువ అర్థమవుతుంది.